మంజీరా నీళ్ల దోమ

మూడో అంతస్తులో ఇద్దరికి డెంగీ వచ్చిందని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అత్యవసరంగా సమావేశమైంది. ముప్పావుగంట చర్చించాక నేరస్తులెవరో ఏకగ్రీవంగా తేలిపోయింది. ఒకరు మురుగు మోసే మూసీ నది, రెండోవారు మునిసిపాలిటీ. ఇద్దరూ మీటింగుకి రాలేదు గనక తీర్మానం సులువుగా అయిపోయింది.

నిజానికి డెంగీని మోసే ఈడిస్ దోమ మూసీ వైపు కన్నెత్తి చూడదు. దానికి మురుగు పడదు. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు కావాలి, అవీ మనం డ్రమ్ముకి పట్టి మూత మరిచిపోయిన నీళ్లు. కూలరు అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, మేడ మీది కొబ్బరిచిప్ప, ఏదైనా సర్దుకుంటుంది. వారం పది రోజులు కదపకపోతే గుడ్డు దోమై లేస్తుంది. నీళ్లెండినా గుడ్లు నెలల తరబడి కాచుకుని కూర్చుంటాయి. అడ్వాన్సు లేదు, అద్దె లేదు, ఖాళీ చెయ్యమనే ఓనరూ లేడు.

తీర్మానం ఫలించి సాయంత్రం దోమలకి పొగ కొట్టే బండి వచ్చింది. నాయకుడు ఫొటో దిగాడు. పొగ పడదని మేమంతా తలుపులు బిగించుకున్నాం. దోమకీ పడదట, మాతోపాటే మంచం కింద కూర్చుంది. రాత్రంతా దోమలచక్రం వెలిగించి, తెల్లారగానే ఆర్పేశాం. ఈడిస్ డ్యూటీ మొదలయ్యేదే అప్పుడు. అది పగటి దోమ.

దోమతో మన ఊరి బంధం పాతదే. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే. నోబెల్ ఆయన పట్టుకుపోయాడు, దోమలు మనకు మిగిలాయి.

ఇక వాట్సాప్ గ్రూపులో క్రికెట్ స్కోరులా ప్లేట్‌లెట్ల లెక్క మొదలైంది. ‘అంకుల్ ఎనభై వేలు, ఆంటీ అరవై.’ ఆకురసం తాగితే అవి పెరుగుతాయట, పక్కవీధి బొప్పాయి చెట్టుకి ఒక్క ఆకు మిగల్లేదు. నీళ్లూ ద్రవాలూ బాగా తాగాలి, జ్వరానికి పారాసెటమాలే వేసుకోవాలి, ఐబూప్రొఫెన్ జోలికి పోకూడదు, జ్వరం తగ్గే రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త అన్న డాక్టరు మాటకి మాత్రం ఒక్క లైకూ రాలేదు.

ఆ రాత్రి ఎందుకో మా హాల్లో మనీప్లాంట్ సీసా ఎత్తి లైటుకి పెట్టి చూశాను. వెంట్రుకంత పురుగులు తలకిందులుగా వేలాడుతూ మెలికలు తిరుగుతున్నాయి. తీర్మానం మీద మొదటి సంతకం నాదే.

శుక్రవారం డ్రై డే అంటే వైన్‌షాపు మూసే రోజనుకునేరు. ఇంట్లో నిలవ నీళ్లు పారబోసే రోజు. మూసీ బాగుపడే దాకా ఆగక్కర్లేదు. ముందు మీ సీసా ఎత్తి చూడండి.