ఒక్కసారి సెల్ఫ్ కొట్టన్నా!

ఉప్పల్ రింగు దగ్గర నీళ్లలో కారు ఆగిందంటే రికవరీ వ్యాను రావడానికి పూట పడుతుంది గానీ, సలహాలిచ్చేవాళ్లు రావడానికి నిమిషం పట్టదు. ఒకాయన బానెట్ మీద చరుస్తాడు. ఇంకొకాయన టీ గ్లాసుతోనే దిగి టైరును తన్ని చూస్తాడు. పల్సర్ మీద కాళ్లు పైకెత్తి కూర్చున్న కుర్రాడు మాత్రం అసలు నిపుణుడు. "ఏం గాదన్నా, ఒక్కసారి సెల్ఫ్ కొట్టు!"

ఆ ఒక్క సెల్ఫే కొంప ముంచుతుంది. సిలిండర్లోకి వచ్చిన గాలిని పిస్టన్ నొక్కితే గాలి అణుగుతుంది. నీళ్లు అణగవు. ఎయిర్ ఫిల్టర్ దారిన లోపలికి నీళ్లు పోయి ఉంటే, సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ వెళ్లి వాటిని గుద్దుకుంటుంది. నీళ్లు వంగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్ని మెకానిక్కులు హైడ్రోలాక్ అంటారు. ఎస్టిమేట్ చూశాక ఓనరు ఏమంటాడో పత్రికలో అచ్చు వేయలేం.

కాబట్టి చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. తాళం తిప్పొద్దు, బటన్ నొక్కొద్దు. గేరు న్యూట్రల్ చేసి, నలుగురు పట్టి ఎత్తు మీదికి తోయాలి. (సలహాదారుల్లో సగం మంది సరిగ్గా ఇక్కడే మాయమవుతారు.) వీలుంటే బ్యాటరీ వైరు పీకేయాలి. ఆటోమేటిక్ కారైతే తాడు కట్టి లాగించకుండా, బండి మీదికి ఎక్కించి పంపాలి.

ఏమీ చేయకుండా ఉండటం మామూలు మనిషికి చేతకాదు. ఆ విద్యలో ఆరితేరినవాళ్లు వేరే ఉన్నారు. 2020 అక్టోబర్ 13న హైదరాబాద్ నగరంలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది, ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8, రవీంద్రనగర్ వీధులు చెరువులయ్యాయి. చెరువులు అంతకు ముందే వీధులయ్యాయి కదా, లెక్క సరిపోయింది. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్లయితే ఏళ్ల తరబడి నెత్తిన స్లాబు లేకుండా తపస్సు చేశాయి. అంత నిగ్రహం కారున్నవాడికి ఉంటే ఒక్క ఇంజనూ పోయేది కాదు.

అన్నట్టు, భూగర్భం ఆనుపానులు చెప్పే ఎన్‌జీఆర్‌ఐ మనకు హబ్సిగూడలోనే ఉంది. వాన పడ్డప్పుడు రోడ్డు మీద నీళ్లెంత లోతో చెప్పే పరికరం మాత్రం నేటికీ ముందు పోతున్న ఆటోయే.

సరే, కారు నాచారంలో ఏ షెడ్డుకో చేరింది. మెకానిక్ ముందు డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి వెలుతురుకు పెడతాడు. ఆయిలు పాలెక్కువైన ఇరానీ చాయ్ రంగులోకి తిరిగితే నీళ్లు దిగినట్టే. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజన్ను చేత్తో తిప్పి తాగిన నీళ్లన్నీ కక్కిస్తాడు. ఆయిలు, ఫిల్టర్లు మారుస్తాడు. సెల్ఫ్ కొట్టేది ఆ తర్వాతే.

ఇక ఇన్సూరెన్సు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే పైసా రాదు. ఫుల్ పాలసీ ఉంటే వరద నష్టం ఇస్తారు గానీ, నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజన్ పోగొట్టుకుంటే, విడిగా ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకోనివాళ్లకు సాధారణంగా మొండిచేయే. "ఆగాక మళ్లీ స్టార్ట్ చేశారా సార్?" అని సర్వేయర్ మర్యాదగానే అడుగుతాడు. పల్సర్ కుర్రాడు కొట్టమన్నాడని రాయడానికి క్లెయిమ్ ఫారంలో గడి లేదు.

ఇలా వానకు మునిగిన కార్లు ఏమవుతాయంటారా? కొన్ని సీట్లు ఉతికించుకుని, సెంటు పూసుకుని, "సింగిల్ ఓనర్, డాక్టర్ గారు వాడిన బండి" అంటూ అమ్మకానికి వస్తాయి. కొనబోయే ముందు సీటు బెల్టును చివరికంటా బయటికి లాగండి. ఆ కొసన ఎండిన బురద గీత కనిపిస్తే, డాక్టర్ గారి క్లినిక్ ఏ చెరువులో ఉండేదో అడిగి, ధర సగం నుంచి మొదలుపెట్టండి.