రామగిరి మామ లెక్క

ముంగారు మబ్బు పట్టిందంటే అనంతపురం పల్లెల్లో బంగారం గడప దాటుతుంది. శెనక్కాయ విత్తనం కొనాలి, ఎరువు తేవాలి, ట్రాక్టరు బాడుగ కట్టాలి. జూన్, జూలై నెలల్లో బ్యాంకుల దగ్గర, కుదవ అంగళ్ల దగ్గర కొంగుముడి విప్పుకుంటూ నిలబడిన ఆడవాళ్లు వరసగా కనిపిస్తారు. పంట చేతికొస్తే సంక్రాంతికల్లా నగ మళ్లీ మెడకు చేరుతుంది. వాన మొహం చాటేస్తే వడ్డీ పెరుగుతుంది, ఆపైన అమ్మకమే దారి. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉండే ఈ మెట్టనేలలో వాన తప్పడం వింత కాదు.

అమ్మేటప్పుడే అసలు నష్టం. మా పల్లెల్లో ఉన్న బంగారమంతా 22 క్యారెట్లది కాదు. అవ్వల కాలం కమ్మలు, కువైట్ నుంచి వచ్చిన గొలుసులు, చీటీ పాట డబ్బుతో కొన్న రాళ్ల ఉంగరాలు, అన్నీ ఒకే గుడ్డమూటలో ఉంటాయి. అంగట్లో ఆ మూట మొత్తం ఒకేసారి తక్కెట్లో పడుతుంది. ‘టచ్ తక్కువుందమ్మా’ అని ఒక మాట వినిపిస్తుంది. ఆ మాటకు ఎదురు చెప్పే జ్ఞానం మన దగ్గర ఉండదు. తక్కువ క్యారెట్ నగ అంటేనే మనకొక సిగ్గు. ఆ సిగ్గుతో ఎంతిస్తే అంత పుచ్చుకొని బయటపడతాం.

మా ఊళ్లో ఆ సిగ్గు పోగొట్టిన మనిషి రామగిరి మామ. వరసకు ఎవరికి ఏమైనా, ఊరంతటికీ మామే.

రామగిరి కొండల కింద బంగారం ఉన్న సంగతి జిల్లా బయట చాలామందికి తెలియదు. బ్రిటిషువాళ్ల కాలంలోనే అక్కడ గనులు తవ్వారు. తర్వాత కోలారు గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే ఇక్కడా తవ్వింది. 2001లో ఆ సంస్థ మూతపడింది. అంతవరకు మామ గనిలో రాయి పరీక్ష చేసే గదిలో పనిచేశాడు. గనిలోంచి వచ్చిన రాతిని పొడి చేసి, సీసం భస్మం కలిపి కొలిమిలో కరిగిస్తే, రాతిలోని బంగారం, వెండి సీసంలోకి దిగుతాయి. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పెట్టి మళ్లీ కాలిస్తే, సీసాన్ని మూస తాగేస్తుంది, పూస ఒకటి మిగులుతుంది. దాన్ని నైట్రిక్ యాసిడ్‌లో ఉడికిస్తే వెండి కరిగిపోయి, మేలిమి బంగారం ఒక్కటే నిలుస్తుంది. ఈ రోజుకీ బంగారం శుద్ధి తేల్చడంలో చివరి తీర్పు ఈ పద్ధతిదే. టన్ను రాతిలో ఉండే కొద్ది గ్రాముల బంగారాన్ని లెక్కగట్టిన చేతులు మామవి.

గని మూతపడ్డాక ఆయన మా ఊరికొచ్చి వానాధారం చేను చేసుకున్నాడు. వస్తూ ఒక గీటురాయి, చిన్న త్రాసు, యాసిడ్ సీసాలు, భూతద్దం తెచ్చుకున్నాడు. నగ అమ్మాలన్నా కుదవ పెట్టాలన్నా ఆడవాళ్లు ముందు మామ ఇంటి అరుగెక్కి పోయేవాళ్లు. ఆయన ఒక్క రూపాయి తీసుకునేవాడు కాదు.

మూట విప్పగానే మామ చేసే మొదటి పని, నగలను వేరు చేయడం. భూతద్దం పెట్టి ముద్ర వెతికేవాడు. 916 ఉంటే 22 క్యారెట్లు, 750 ఉంటే 18, 585 ఉంటే 14. ‘వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు బంగారమో ఆ అంకె చెప్తాది’ అనేవాడు. వేరు చేసిన వాటిని వేర్వేరుగానే తూకం వేయమనేవాడు. అన్నీ కలిపి తూస్తే, అన్నిటికంటే తక్కువదానికి కట్టే ధరే అన్నిటికీ కడతారని ఆయన భయం. ఆ భయం నిజమే, నేను చూశాను. రాళ్లు, గుండ్లలోని లక్క, దారం బరువు తీసేసి చీటీ మీద రాసిచ్చేవాడు. పది గ్రాముల 22 క్యారెట్ల నగలో మేలిమి 9.16 గ్రాములు, 18లో 7.5, 14లో 5.85. పేపర్లో 24 క్యారెట్ల గ్రాము ధర చూసుకొని ఈ అంకెతో హెచ్చవేస్తే నగలోని బంగారం విలువ వస్తుంది. కొన్నప్పుడు కట్టిన మజూరి, తరుగు తిరిగి రావు. కరిగించే తరుగు కింద కొంత పోతుంది. అంతకు మించి తగ్గిస్తే మూట కట్టుకొని లేచి రమ్మనేవాడు.

‘తక్కువ క్యారెట్ అంటే తక్కువ బంగారం, అంతే. దొంగ బంగారం కాదు. తలొంచుకోబాకండి’ అని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపేవాడు.

కదిరి వైపు నుంచి ఒకసారి ఒక అమ్మ వచ్చింది. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి, 32 గ్రాముల గొలుసు కొనుక్కొని వచ్చింది. అంగట్లో 916 ముద్ర లేదన్నారట, 18 లెక్కన ఇస్తామన్నారట. మామ భూతద్దం పెట్టి చూస్తే కొక్కెం పక్కన 875 అని ఉంది. గల్ఫ్ దేశాల్లో 21 క్యారెట్ల నగలు మామూలు, ఆ ముద్ర దానిదే. 18 లెక్కన ఆ గొలుసులో మేలిమి 24 గ్రాములు, 21 లెక్కన 28. నాలుగు గ్రాముల మేలిమి! ఎడారి ఎండల్లో ఇంకొకరి ఇల్లు తుడిచి సంపాదించిన నాలుగు గ్రాములు, ఒక ముద్ర చదవలేక పోయుండేవి. ఆ అమ్మ మామ చీటీ పట్టుకొని ఇంకో అంగడికి పోయి 21 లెక్కనే అమ్ముకుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. మా ఊళ్లోనే ఒక ఇంట్లో ముసలవ్వ కమ్మలు అమ్మకానికి తీశారు. 1964లో ఆమె పెళ్లికి మా ఊరి ఆచారి చేసిచ్చినవి. ఎప్పుడో కుదవకు పోయినప్పుడు అవి 14 క్యారెట్లని తేలింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆచారిని తిట్టని శుభకార్యం లేదు. ఆయన పోయినా తిట్లు ఆగలేదు, ఆయన కొడుకుల్ని, మనవల్ని కూడా ఆ పేరుతోనే ఎత్తిపొడిచేవాళ్లు. మామ కమ్మలు గీచి చూశాడు. 14 నిజమే. పెళ్లి ఏ సంవత్సరమని అడిగాడు. చెప్పారు.

‘ఆ పొద్దు 14కు మించి చేసింటే ఆయప్పను జైల్లో పెట్టుండేవాళ్లు’ అన్నాడు మామ.

చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో కేంద్రం బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చింది. మొరార్జీ దేశాయి అప్పుడు ఆర్థిక మంత్రి. 14 క్యారెట్లకు మించిన శుద్ధితో కొత్త నగలు చేయకూడదన్నారు. దేశమంతటా స్వర్ణకారులు రోడ్డున పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. కొన్నేళ్లకు ఆ 14 నిబంధన సడలింది. 1968లో వచ్చిన బంగారం నియంత్రణ చట్టం మాత్రం 1990 దాకా నడిచి రద్దయింది. ఈ సంగతి చెప్పి మామ ఊరుకోలేదు. బస్టాండు దగ్గర వెల్డింగు పని చేసుకునే ఆచారి మనవణ్ణి పిలిపించి, ఆ ఇంటివాళ్లందరి ముందు ‘మీ జేజినాయన చట్టప్రకారం చేసినాడు నాయనా, ఒక్క పాలు కూడా మోసం లేదు’ అని చెప్పాడు. ఆ పిల్లవాడు అరుగు మీదే కూర్చొని ఏడ్చేశాడు.

హాల్‌మార్క్ వచ్చాక మామ పని కొంత తగ్గింది. 2021 జూన్ నుంచి అది చాలా జిల్లాల్లో తప్పనిసరయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ జిల్లాల్లో హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాంకెల గుర్తింపు లేకుండా అంగళ్లు నగ అమ్మకూడదు. 2025లో 9 క్యారెట్లు కూడా ఆ వరసలో చేరాయి, వాటి మీద 375 ఉంటుంది. ఫోన్‌లో భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ ఆరు గుర్తులు కొడితే నగ వివరం కనిపిస్తుంది. ముద్ర లేని పాత నగలను బీఐఎస్ గుర్తింపున్న కేంద్రంలో ఎవరైనా పరీక్ష చేయించుకోవచ్చు, 2022లో ప్రకటించిన రుసుము నాలుగు నగల వరకు 200 రూపాయలు. మామ ఇవన్నీ నేర్చుకొని చదువుకున్న పిల్లల ఫోన్లలో పెట్టించాడు. కేడీఎం అని చెప్పి అమ్మిన నగలు తెచ్చినవాళ్లకు, అది అతుకులో వాడే కాడ్మియం పేరు, శుద్ధికి గుర్తు కాదు అని విసుగు లేకుండా చెప్పేవాడు.

ఆయన మొదట గీచి చూసిన ఆభరణం తన పెళ్లి గొలుసు. ప్రొద్దుటూరులో కొన్నారు, 20 గ్రాములు. గనిలో కొత్తగా చేరిన రోజులవి. గీటురాయి మీద గీచి, సరిగ్గా 22 అని మామగారికి చెప్పి, అత్త మెడలో తాళిబొట్టుతో కలిపి కట్టాడు. ఆ కథ మా అందరికీ తెలుసు, చాలాసార్లు చెప్పాడు. ఇంకో మాట కూడా తెలుసు. గని మూతపడి ఇంటికొచ్చిన రోజు అత్తతో అన్నాడట, ‘ఉద్యోగం పోయిండొచ్చు. నీ గొలుసు మాత్రం గడప దాటదు. దాటిన్నాడు నన్ను మొగుడనొద్దు’ అని. 2002లో పెద్ద కరువొచ్చింది. చేలో వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. మరుసటేడు విత్తనానికి చేతిలో పైసా లేకపోతే, అత్త పుట్టింటికి పోయి తమ్ముడి దగ్గర అప్పు తెచ్చిందని, గొలుసు ముట్టకుండానే గట్టెక్కామని మామ గర్వంగా చెప్పేవాడు.

2025లో పది గ్రాముల మేలిమి ధర లక్ష దాటింది. మనవరాలికి బెంగళూరులో నర్సింగు సీటు వచ్చింది, ఫీజు కట్టాలి. మామ బాగా ఆలోచించి, మాట ఇచ్చింది తానే కాబట్టి తీసుకునేదీ తానేనని, గొలుసు అమ్ముదామన్నాడు. టౌనుకు తోడు రమ్మని నాకు ఫోన్ చేశాడు. నేను పోయేసరికి అరుగు మీద గీటురాయి, సీసాలు సిద్ధంగా ఉన్నాయి. అత్త పసుపుతాడు కట్టుకొని, బొట్టు బిళ్లలు దానికి మార్చుకొని, గొలుసు తెచ్చి కింద పెట్టింది.

‘రాయి మీద పెట్టొద్దులే’ అంది.

‘పోయేముందు లెక్క రాసుకోవల్ల కదా’ అంటూ మామ గీచాడు. గీత పచ్చగా పడింది. యాసిడ్ చుక్క వేశాడు, నిలిచింది. అలవాటు ప్రకారం అదే చోట ఇంకొంచెం ఒత్తి గీచి మళ్లీ చుక్క వేశాడు. ఆకుపచ్చగా పొంగి, గీత మాయమైంది. లోపల ఇత్తడి.

మామ ఏమీ అనలేదు. అత్త లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి మడతలు పడిన చీటీ తెచ్చిచ్చింది. 2003 జూలై నాటి బిల్లు. పాత బంగారం, 20 గ్రాములు, 14 క్యారెట్లు అని రాసుంది. 22 లెక్కన అందులో మేలిమి 18.33 గ్రాములు. 14 లెక్కన 11.67. ఆ తీసివేత మామ నోటితోనే చేశాడు.

‘22 అని చెప్పలేదా వానికి?’ అని అడిగాడు.

‘చెప్పినా. నీకెవరు చెప్పినారన్నాడు. నా మొగుడు, గనిలో బంగారం పరీక్ష చేసేటాయన అన్నా. అయితే పో, ఆయప్పనే పిల్చుకోని రాపో, ఆయన ముందరే గీచి ఇస్తా అన్నాడు.’

అత్త ఎవరినీ పిలుచుకొని పోలేదు. 14కే ఇచ్చేసి, విత్తనం డబ్బుతో ఇంటికొచ్చి, తమ్ముడిచ్చాడని చెప్పింది.