పట్టా పద్యం – టీకా తాత్పర్య సహితం

అవతారిక: పెదకాకానిలో కొత్త బొలెరో పికప్ కొన్నవాడు మొదట చేసే పని మల్లేశ్వరస్వామి గుడి ముందు బండి నిలబెట్టి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం. రెండో పని హారన్ మార్పించడం. మూడోది మాత్రం మిర్చి కిరాయి తగిలి, ఆకాశం నల్లబడితే గాని గుర్తుకు రాదు. ఆ మూడోది పట్టా, అనగా టార్పాలిన్, కొనడం; దాన్ని గురించినదే ఈ పద్యం. మూలమూ వ్యాఖ్యా రెండూ నావే కనుక కవిహృదయం దగ్గర పేచీ లేదు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన కాళిదాసుకు రాశాడు; టార్పాలిన్‌కు రాసేవాడికి అంత నిష్ఠ కుదరదు.

ఆ.వె.
మిర్చి టిక్కి పైన మేఘమ్ము నిలిచిన
గట్టి పట్ట కొనుము కండ్లు చూచి
చినుకు పడిన సరుకు చెమ్మెక్కిపోవును
తాలు ధరకు నమ్ము తప్పదయ్య

ప్రతిపదార్థం: మిర్చి టిక్కి పైన = ఎండు మిరపకాయలు తొక్కి కుట్టిన బస్తాల మీద; మేఘమ్ము నిలిచిన = మబ్బు పట్టినచో; కండ్లు చూచి = అంచు రింగులు పరీక్షించి; గట్టి పట్ట = దళసరి పట్టాను; కొనుము = కొనుక్కో; చినుకు పడిన = వాన తగిలితే; సరుకు = కాయ; చెమ్మెక్కిపోవును = మెత్తబడిపోతుంది; తాలు ధరకున్ = తెల్లబారిన తాలు కాయల రేటుకు; అమ్ము = అమ్ముకో; తప్పదు, అయ్య = గత్యంతరం లేదు నాయనా.

వ్యాఖ్య: ‘టిక్కి’ అని ఏకవచనమే వేశాడు కవి. ఒకటిన్నర టన్ను పైచిలుకు మోసే బండి మీద అవి ఎన్ని ఉంటాయో చెబితే రవాణా శాఖ వారు వింటారని భయం. 1.7 టన్నుల పికప్‌కు 40 కిలోల టిక్కీలు 42 న్యాయం, అరవై లోకాచారం. పట్టా వాన నుంచి కాపాడుతుంది గాని కాటా నుంచి కాపాడదు. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000.

‘మేఘమ్ము’ కూడా ఏకవచనమే; ఒకటి చాలు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుఫాను ముందుగా పేరు చెప్పుకుని వస్తుంది. గుంటూరు మిర్చి యార్డు కిటకిటలాడే ఏప్రిల్ నెలలో, సాయంత్రం నాలుగింటికి లేచే మబ్బుకు పేరుండదు.

‘గట్టి’ – ఇది పద్యానికి ప్రాణం. గట్టిదనం అంటే కొట్టువాడు రెండు చేతులా లాగి చూపించేది కాదు. జీఎస్ఎం, అనగా చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అన్న లెక్క. ముద్ర మీద 250 అని ఉంటుంది, లోపల 150 ఉంటుంది. 15 అడుగులకు 18 అడుగుల పట్టా అంటే సుమారు 25 చదరపు మీటర్లు. నిజంగా 250 అయితే ఆరు కిలోల పావు తూగాలి. కాయను తూకం వేయకుండా కొనని ఊరివాడు పట్టాను రంగు చూసి కొనడం ఏ శాస్త్రమో వ్యాఖ్యాతకు బోధపడలేదు.

‘పట్ట’ – ఛందస్సు కోసం పట్టా ఇక్కడ పొట్టిదైంది. బండి మీద పొట్టిది కారాదు. పదడుగుల బాడీ, ఆరడుగుల వెడల్పు. నాలుగు వైపులా మూడేసి అడుగులు దిగాలంటే 16 బై 12 కావాలి. కట్టుకి, మడతకి ఇంకొంత. కొలత చాలక నడిమధ్యన రెండు ముక్కలు అతికేవారు ముందు ముక్క అంచును వెనక ముక్క మీదికి తేవాలి. తిరగేస్తే జాతీయ రహదారి గాలి లోపలికి దూరి, వంతెన దాటేలోగా పట్టా బెలూన్ అవుతుంది.

‘కండ్లు’ – శ్లేష. పట్టాకు కళ్లు అంచున ఉంటాయి. అంచు మడతలో తాడు పెట్టి కుట్టి, దాని మీద రింగు బిగించినదే చూపున్న పట్టా. తాడు లేని అంచుకు బిగించిన రింగు మొదటి గుంజుకే చేతికి వస్తుంది.

‘చినుకు’ – రెండు విధాలు: పైచినుకు, లోచినుకు. పైది అందరికీ తెలుసు. టిక్కీలను చదునుగా పేరిస్తే నీళ్లు పట్టా మీదే నిలిచి, బరువుకు పట్టా కుంగి, కుట్టు దగ్గర కారుతుంది. నడుమ వరస ఒక టిక్కీ ఎత్తు లేపితే నీరు జారిపోతుంది. లోచినుకు దొంగ. పది, పదకొండు శాతం తేమకు ఆరని కాయను ప్లాస్టిక్ కింద బిగించి ఎండలో నిలబెడితే, ఆ ఆవిరి పట్టా అడుగున చెమటై మళ్లీ కాయ మీదే పడుతుంది. అందుకే పాతవాళ్లు కాన్వాస్ అంటే ఇష్టపడతారు, అది ఊపిరి పీలుస్తుంది. కానీ తడిస్తే ఇద్దరు ఎత్తాలి, తడిగా మడిస్తే బూజు. నా ఓటు ప్లాస్టిక్‌కే, మబ్బు విడవగానే పక్కలు విప్పే ఓపిక ఉన్నవాడికి.

‘నమ్ము’ – ధరకున్ అనే ద్రుతాంతం మీద ‘అమ్ము’ చేరి ‘నమ్ము’ అయింది. రేటు తగ్గించేటప్పుడు వ్యాపారి అనే మాట కూడా ఇదే కావడం కవి భాగ్యం.

పాఠాంతరం: ‘గట్టి మూత’ అని అమెరికా ప్రతి. డాలస్‌లో మనవాళ్లు ఫోర్డ్ పికప్ కొని, వెనక భాగానికి అల్యూమినియం మడత మూత బిగిస్తారు. అక్కడ సరుకు బాడీ గోడల లోపల ఆగుతుంది. ఇక్కడ గోడలు అయిపోయిన చోట సరుకు మొదలవుతుంది. కాబట్టి ఈ పాఠం అగ్రాహ్యం.

ఆక్షేపం: పెదకాకాని నుంచి గుంటూరు మిర్చి యార్డు గట్టిగా అరగంట, దానికింత పట్టా దేనికి? సమాధానం: అరగంట ప్రయాణానికి కాదు, యార్డు గేటు బయట వరసలో నిలబడే రాత్రికి.

తాత్పర్యం: 15 బై 18 కొను, కొట్టు కాటా మీదే తూయించు, ఆరు కిలోలకు తగ్గితే అక్కడే వదిలెయ్. ఇంట్లో ఉన్న పల్చటి నీలం పట్టా కోళ్ల గూటికి సరిపోతుంది.