ఇరవయ్యోవాడు ఎవరు?

మన యజమానులకు కార్మిక చట్టాలు తెలియవని అనేవాళ్లు అమీర్‌పేటలో ఏ రెండు గదుల కంపెనీలోకీ తొంగిచూసి ఉండరు. హాజరుపట్టీలో సరిగ్గా 19 పేర్లుంటాయి. 20 అయితే పీఎఫ్ కట్టాలి మరి! ఇరవయ్యోవాడు లేడా అంటే, ఉన్నాడు. కుర్చీ ఉంది, కంప్యూటరుంది, రాత్రి పదింటిదాకా పనీ ఉంది. కాకపోతే అతను సారుగారి బామ్మర్ది కంపెనీ మనిషట. బోర్డులు రెండు, గుమ్మం ఒకటే, వాటర్ క్యానూ ఒకటే. ఇలా చీల్చినవాటిని కలిపి లెక్కకట్టే అధికారం పీఎఫ్ ఆఫీసుకు ఉంది. వాళ్లు వచ్చినప్పుడు చూద్దాం లెండి.

పక్క గదిలో ఇంకా చిన్న సారు. 10 మంది అయితే ఈఎస్ఐ, గ్రాట్యుటీ, లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ అన్నీ వచ్చి పడతాయి. పదిమందీ చల్లగా ఉండాలని పెద్దలంటారు. ఈయన తొమ్మిదిమంది చల్లగా ఉంటే చాలంటాడు.

ఇక ఇంటర్వ్యూ. అమ్మాయి జావా గురించి చెప్పబోతుంటే, "అది సరేనమ్మా, పెళ్లెప్పుడు?" అంటారు. అయిందంటే, "పిల్లలు?" ప్రసూతి సెలవు 26 వారాలు, అదీ జీతంతో. ఆ గుణకారం సారు నోటితోనే చేసేస్తారు. నియామకాల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1976లోనే చట్టం వచ్చింది. సారు తేడా ఎక్కడ చూపించారు? "మళ్లీ ఫోన్ చేస్తాం" అన్నారంతే.

అబ్బాయికి ఆ ప్రశ్నలుండవు. రెండేళ్ల బాండు మీద సంతకం, పదో తరగతి మెమో నుంచి ప్రొవిజనల్ దాకా ఒరిజినల్స్ అన్నీ సారు బీరువాలోకి. అపాయింట్‌మెంట్ లెటర్ అడిగితే మాత్రం సారు నొచ్చుకుంటారు: "మనమంతా ఒకే కుటుంబం, మన మధ్య కాగితాలేంట్రా?"

2025 నవంబరు 21న 29 కార్మిక చట్టాలు నాలుగు కోడ్‌లయ్యాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు. బేసిక్‌ను బక్కచిక్కించి అలవెన్సులు పెంచితే, సగానికి మించినదంతా జీతం కిందే లెక్కన్నారు. నిర్ణీతకాల ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ అన్నారు. ఈ చివరిది వినగానే సారు కన్సల్టెంటును పిలిపించి, ఇల్లు అద్దెకిచ్చినట్టు 11 నెలల అగ్రిమెంట్లు రాయించారు. పన్నెండో నెల ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత కొత్తగా చేరాలట.

అద్దెకున్నవాళ్ల దగ్గరైతే రెండు నెలల అడ్వాన్సు తీసుకుంటారు. ఇక్కడ ఆ అవసరం లేదు, బీరువాలో సర్టిఫికెట్లున్నాయిగా!