జీరో బిల్లుకు టీకా తాత్పర్యం

మూలం: మునుపటి రీడింగు 6412. ప్రస్తుత రీడింగు 6560. యూనిట్లు 148. చెల్లించవలసిన మొత్తం రూ. 0.00.

పై మూలం ఏ తాళపత్రంలోదీ కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో నెలకోసారి మీటరు రీడర్ గుమ్మం ముందు నిలబడి, చేతిలో మిషన్‌తో మీటరు చూసి, చర్రున చింపి ఇచ్చిపోయే జానెడు కాగితంలోది. అంకెలు ఉదాహరణకు నేను వేసినవి, వరుస మాత్రం కాగితందే. టీకాకు ముందు అవతారిక చెప్పడం ఆచారం. తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్లు దాటని ఇళ్లకు తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి ఇలా సున్నా వస్తోంది. జనం నోట్లో అది జీరో బిల్లు. పోతన ఊరు బమ్మెర, సోమనాథుడి పాలకుర్తి జనగామ జిల్లాలోనే ఉన్నాయి. కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ పక్క కొల్చారం అంటారు. అంతటి వాళ్లు తిరిగిన నేల మీద కరెంటు బిల్లుకు వ్యాఖ్యానం రాయబూనడం కొంచెం ఎక్కువే. కానీ ప్రతి ఇంటికీ నడిచి వచ్చి, నెలనెలా కొత్తగా వెలువడి, ఎవరూ చదవని గ్రంథం ఇక్కడ ఇదొక్కటే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి సగం పాటిస్తాడు. రెండో సగానికి హామీ లేదు.

ముందు ‘యూనిట్’. ఇది నానార్థ పదం. బిల్లులో యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఖర్చయ్యే కరెంటు. అదే మాట భూపాలపల్లి వైపు అంటే, ఐదువందలదా ఆరువందలదా అని అడిగినా అడుగుతారు. గణపురం మండలం చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి, రెండు యూనిట్లున్నాయి. చెరువులు తవ్వించి పేరు తెచ్చుకున్న వంశం పేరు పొగగొట్టానికి రావడం విధి విలాసం. అది వేరే గ్రంథం. ఆ యూనిట్ తిరిగితేనే ఈ యూనిట్ పుడుతుంది గనక, అలంకారికులు శ్లేష అన్నచోట నేను కార్యకారణ సంబంధం అంటాను. అభిధలో, అంటే పైకి కనపడే అర్థంలో, 148 ఒక అంకె, అంతే. లక్షణలో చదవాలి. ‘గంగలో గొల్లపల్లె’ అంటే నీళ్ల నడుమ ఇళ్లున్నాయని కాక ఒడ్డున ఉన్నాయని గ్రహించమని శాస్త్రం నేర్పింది. ‘మా ఇంట్లో 148 యూనిట్లు కాలింది’ అన్నప్పుడు కూడా కాలింది ఇంట్లో కాదని గ్రహించాలి. మన బొగ్గుతో ఒక యూనిట్ పుట్టాలంటే ఆరేడు వందల గ్రాములు మండాలి. ఈ 148 మొత్తం బొగ్గుదే అయితే వంద కిలోలు, రెండు సిమెంటు బస్తాల బరువు. గుమ్మం ముందు నెలనెలా రెండు బస్తాల బొగ్గు దించి, ఇక్కడే తగలబెట్టుకోండి అంటే ఏ ఇల్లాలూ ఊరుకోదు. తీగలో వస్తే ఊరుకుంటుంది. గ్రిడ్‌లో నీటిదీ ఎండదీ గాలిదీ అణువుదీ కూడా కలుస్తుంది గనక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలో దేశ సగటు యూనిట్‌కు 0.7 కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు. అంటే మన మూలంలోని 148కి తక్కువలో తక్కువ 104 కిలోలు. దారిలో తీగలు తినేది ఇందులో కలపలేదు.

ఇక ‘0.00’. ఇది విశేషణం. దేనికి విశేషణమో తేల్చడమే ఈ టీకా అసలు పని. కాగితం మీద అది రూపాయల పక్కన ఉంది, రూపాయలకే చెందుతుంది. చదివేవాళ్లు మాత్రం దాన్ని కాగితం మొత్తానికి అన్వయిస్తారు. పైనున్న 148 కూడా సున్నా అయిపోయినట్టు తోస్తుంది. దీన్ని దూరాన్వయ దోషం అనాలి. సబ్సిడీ లేకపోతే ఈ బిల్లుకు మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున 340 రూపాయలు, మిగతా 48కి 4.80 చొప్పున 230.40, వెరసి 570.40 అయ్యేది. ‘బాత్రూం లైటు ఎవరు ఆపలేదు’ అని ఇంటి పెద్ద గొంతెత్తే అధికారం ఆ 570 నుంచే వచ్చేది. ఇప్పుడు గొంతు ఉంది గానీ అధికారం పోయింది. ఒక్కచోట మాత్రం మిగిలింది. 200 దగ్గర ఈ పద్యానికి యతి ఉంది, అది తప్పితే ఛందస్సే మారిపోతుంది. 201 పడిందా, శ్లాబు మారి 200కు 5.10 చొప్పున 1020, పైదానికి 7.70, కలిసి 1027.70. ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్‌కు ఆరు పైసల డ్యూటీ వగైరా వేరే. ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి దాటుతుంది. మే నెలాఖరులో కూలర్ పెట్టుకున్న ఇల్లు రోజూ మీటరు ముందు నిలబడేది ఇందుకే. అంతదాకా పోని ఇల్లు అసలు నిలబడదు. 60 కాలినా అదే సున్నా, 190 కాలినా అదే సున్నా. ధర తీసేయడాన్ని నేను తప్పు పట్టడం లేదు. ధరతోపాటు కొలత కూడా పోయిందని ఇల్లు అనుకుంటోంది, దాన్ని తప్పు పడుతున్నాను.

కొలత అన్నాక ‘కర్బన పాదముద్ర’ అనే సమాసం సంగతి చూడాలి. పత్రికలు దీన్ని విగ్రహవాక్యం చెప్పకుండానే వాడేస్తున్నాయి. కర్బనం యొక్క పాదముద్ర అని షష్ఠీ తత్పురుషం చెబితే పాదాలు కర్బనానివి అవుతాయి, అది ఎటు తిరిగినా మనకు పూచీ లేదు. కర్బనం చేత పడిన పాదముద్ర అని తృతీయ చెబితే పాదం ఇంటిది, మట్టి మాత్రమే కర్బనానిది. నేను తృతీయ వైపు. మరి ఒక నలుగురి ఇంటి పాదం ఎంత? 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ నలభై అయిదు రోజులు వస్తుందనుకుందాం. కిలో గ్యాస్ కాలితే మూడు కిలోల వాయువు, అంటే నెలకు 28. బండికి నెలకు పది లీటర్ల పెట్రోలు, లీటరుకు 2.3 చొప్పున 23. ముప్పావు కిలో కూడా తూగని లీటరు పెట్రోలు రెండు కిలోల పైన వాయువు ఎలా అవుతుందని శంక వస్తుంది. 12 పాళ్ల కర్బనం గాలిలోంచి 32 పాళ్ల ప్రాణవాయువును వెంటబెట్టుకుని 44 పాళ్లవుతుంది. పెళ్లికి ఒక్కడే వెళ్లి ముగ్గురిని తోడు తెచ్చుకున్నట్టు. తర్వాత బియ్యం. వరి మడిలో నీళ్లు నిలిస్తే అడుగున గాలాడక మీథేన్ పుడుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ దక్షిణాసియాకు చెప్పిన అంకెలతో గుణిస్తే ఎప్పుడూ నీళ్లు నిలిపిన ఎకరం ఒక పంటకు రమారమి టన్ను బొగ్గుపులుసు వాయువుతో సమానం. నెలకు 30 కిలోలు తినే ఇంటి వాటా 20 దాకా వస్తుంది. అన్నీ కూడితే నెలకు 175, ఏడాదికి రెండు టన్నుల పైన, మనిషికి అర టన్ను. ఇందులో సగానికి పైగా ఆ సున్నా పక్కనున్న 148 నుంచి వచ్చిందే.

ఇక్కడ పూర్వపక్షం లేస్తుంది, గట్టిగానే లేస్తుంది. మనిషికి అర టన్నా! అమెరికావాడు 14 టన్నుల దాకా వదులుతుంటే తొర్రూరులో ఫ్యాను కింద పడుకున్నవాడికి లెక్క చెబుతారా? పైగా ఈ పాదముద్ర అనే మాటను ఇంటింటికీ ప్రచారం చేసింది బీపీ అనే చమురు కంపెనీ. 2000ల నడుమ ప్రకటనలిచ్చి, మీ పాదం కొలుచుకోండని జనానికి కొలబద్ద పంచింది. దొంగే ఊరందరి జేబులూ తడిమినట్టుంది కదా? ఆ మాట నిజం. తప్పు ఎవరిదని తేల్చడానికే ఈ కొలత అయితే నేనూ ఈ టీకా ఇక్కడే ఆపేస్తాను. పైన చేసిన లెక్కలో సిమెంటు, ఇనుము, ఎరువు లేవు గనక అర టన్ను పూర్తి లెక్క కూడా కాదు. కానీ కొలబద్ద తయారు చేసినవాడు చెడ్డవాడైతే మూర చిన్నదైపోదు. పేద ఇల్లు మీటరు చదవాల్సింది పాపపరిహారానికి కాదు. రేపు కూలర్ వస్తుంది, ఎల్లుండి వాయిదాల మీద ఏసీ వస్తుంది. ఏది ఎంత తాగుతుందో ముందే తెలిసిన ఇల్లు 201 దగ్గర బోర్లా పడదు. పొగ లెక్కా పైసల లెక్కా ఇంతగా ఒకే గీత మీద నడిచే కాగితం ఇంకొకటి లేదు.

ఇంకో పూర్వపక్షం భూపాలపల్లిది. మేం లైటు ఆపితే చెల్పూరు ఆగుతుందా? ఆగితే సింగరేణి బొగ్గు గనుల మాటేమిటి, మా అన్నం మాటేమిటి? మొదటిదానికి జవాబు సులువు. కరెంటు గాదెలో పోసి దాచే ధాన్యం కాదు, వాడకం తగ్గినప్పుడు గ్రిడ్ వాళ్లు థర్మల్ యూనిట్‌ను తగ్గించి నడపమంటారు. 11 లక్షల ఇళ్లు రోజుకు ఒక్క యూనిట్ మిగిలిస్తే చెల్పూరు రెండు యూనిట్లూ గంటసేపు నిండుగా తిరిగినంత. రెండోదానికి సులువైన జవాబు లేదు. బొగ్గు మీద బతికే ఊరిని బొగ్గు మానమనడానికి బిల్లు కాగితం చాలదు. ఆ ఊరికి రేపటి పని ఏమిటో చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు. అవసరం లేని గదిలో తిరిగే ఫ్యాను మాత్రం ఏ కార్మికుడి బతుకునూ నిలబెట్టదని చెప్పగలను.

జీరో అన్న ప్రతిదీ ఒకటి కాదని కూడా చెప్పాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సులో జీరో టికెట్ వస్తోంది. అయిదు కిలోమీటర్లకు లీటరు డీజిల్ తాగే బస్సులో యాభైమంది కూర్చుంటే మనిషికి కిలోమీటరుకు 11 గ్రాముల పొగ. ఒక్కరే పోయే బండికి 45 గ్రాములు. రైలు లేని భూపాలపల్లికి ఇది మరీ ముఖ్యం. ఒక సున్నా పొగను తగ్గించింది, ఇంకో సున్నా పొగను కనపడకుండా చేసింది. రాతకు ఒకటే, అర్థానికి వేరు. యమకం అంటే ఇదే.

ఈ బిల్లయినా ఉంది, వ్యాఖ్యానం రాయగలిగాను. బాయికాడి మోటరుకు మూలమే లేదు. 2018 జనవరి 1 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటలూ ఉచిత కరెంటు. కరెంటు వచ్చీరాగానే మోటరు దానంతటదే తిరిగే ఆటో స్టార్టర్లు తీసేయండని అంతకుముందు ఊరూరా చెప్పించారు. అయిదు హార్స్‌పవర్ మోటరు గంటకు సుమారు నాలుగు యూనిట్లు లాగుతుంది. ఎనిమిది గంటలు తిరిగితే ముప్పై పైనే. మన మూలంలోని ఇల్లు రోజుకు అయిదు యూనిట్లు వాడుతుంది. అంటే మోటరు ఒక్కరోజు తిరుగుడు ఇంటికి ఆరు రోజుల కరెంటు. రైతు ఇంటి అసలు పాదం ఇంట్లో పడనే లేదు, పొలం గట్టు మీద పడింది. అక్కడ మీటరు పెట్టండి అంటే వెనకాలే బిల్లు వస్తుందని భయం, ఆ భయం ఉత్తదని నేను అనను. బిల్లు లేకుండా కూడా ఒక పని చేయొచ్చు. వరి మడిలో నీళ్లు నిండుగా నిలపకుండా, మధ్యమధ్య ఇంకనిచ్చి మళ్లీ పెడితే మీథేన్ సగానికి దగ్గరగా తగ్గుతుందని ఐపీసీసీ లెక్క. మోటరు తిరిగే గంటలూ దాంతోపాటే తగ్గుతాయి. లైటు ఆపమని పిల్లల మీద అరిచి, రాత్రంతా మోటరు వదిలేసే ఇంట్లో టీకాకారుడికి పనిలేదు.

ఇంట్లో తగ్గించగలిగినవాటిలో పెద్దది ఫ్యాను. బల్బు సంగతి ఎల్ఈడీ వచ్చాక దాదాపు తీరిపోయింది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాన్లు రెండు మారిస్తే నెలకు 40 యూనిట్లు, 28 కిలోల పొగ మిగులుతుంది. నెలంతా గ్యాస్ పొయ్యి వెలిగించకపోయినంత. అయితే జీరో బిల్లు ఇంటికి ఈ మార్పు వల్ల చేతికొచ్చేది కూడా జీరోనే, ఫ్యాను డబ్బులు మాత్రం జేబులోంచే. కప్పు మీద సోలార్ సంగతీ ఇంతే. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడింటికి 78 వేలు సబ్సిడీ ఇస్తామన్నా, బిల్లే లేనివాడికి మిగిలేదేముందని పెట్టుకుంటాడు? ఈ శంకకు సమాధానం ఇంట్లో దొరకదు. ఇల్లు సున్నా కడుతోంది, ఆ 570 ప్రభుత్వం కడుతోంది. కాబట్టి ఆదా వల్ల లాభపడేది ప్రభుత్వం. ఆ లాభం పొందేవాళ్లే ఫ్యాన్లు కొని ఇళ్లకు పంచడం న్యాయం. ఎల్ఈడీ బల్బులను ఉజాలా పథకం కింద 2015 నుంచి టోకున కొని చవగ్గా అందించినవాళ్లకు ఇది తెలియని విద్య కాదు.

చివరగా లేఖన దోషం ఒకటి. ఈ బిల్లు అచ్చయ్యేది వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద. థర్మల్ కరెంటుకు థర్మల్ కాగితం, ఏరికోరి పెట్టినట్టుంది. సజ్జ మీద పారేస్తే కొన్నాళ్లకు అక్షరాలు పాలిపోతాయి, చివరికి తెల్లకాగితం మిగులుతుంది. 148 కూడా అప్పటికి నిజంగానే సున్నా అయినట్టు కనిపిస్తుంది. కాబట్టి మూలాన్ని ఎత్తి రాసుకోవాలి. వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో పాలప్యాకెట్ల గీతలుంటాయి, సిలిండర్ మార్చిన తేదీ చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది, ఏ రోజు ఏకాదశో అచ్చయి ఉంటుంది. మీటరు రీడర్ వచ్చిపోయిన తేదీ గడిలో ఇంకా చోటు ఉంది. అక్కడ పెన్సిల్‌తో 148 అని వేస్తే చాలు, రూపాయి గుర్తు అక్కర్లేదు.