పద్దెనిమిదిలో బొంత

మా ఎదురింటి బాబాయిగారు పొద్దున్నే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘నీటి బొట్టు బంగారం’ అంటూ ఓ సూక్తి పడేస్తారు. సరిగ్గా అప్పుడే పైన ట్యాంకు పొంగి, ఆ బంగారమంతా పార్కింగ్‌లో నా స్కూటర్ మీద ధారగా పడుతుంటుంది. మోటారు కట్టేయాల్సిన వాచ్‌మన్ ఆ సూక్తికి దండం బొమ్మ పెట్టే పనిలో ఉంటాడు. సాయంత్రానికి ట్యాంకరొస్తుంది. డబ్బులు మాత్రం తలా ఇంత!

బాబాయిగారూ, మీ ఆర్వో మిషను గ్లాసు మంచినీళ్లిచ్చి అంతకు రెండింతలు సింకులోకి వదులుతోంది, ఆ గొట్టం కింద బకెట్ పెట్టండి, ఇల్లు తుడుచుకోవచ్చు అన్నాను. ‘అక్కడ బకెట్ వాస్తుకి పడదోయ్’ అన్నారు.

ఇక రాత్రిళ్లు ఏసీ 18లో, బాబాయిగారు బొంతలో. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేస్తే 24 దగ్గరే మొదలవ్వాలని రూలు. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ లెక్క. అదే చెప్పాను. ‘మరి బొంత కొన్నదెందుకూ?’

మొన్న బిల్లు చూసి ఆయనకూ కళ్లు తిరిగాయి. వెంటనే పొదుపు మొదలెట్టారు: కాలింగ్ బెల్ పీకించేశారు. తలుపు కొట్టండి. గట్టిగా కొట్టాలి, లోపల ఏసీ హోరు.