దుబాయ్‌ల అందరికీ తెలుగొస్తది!

ఇప్పటి సినిమాలల్ల హీరో విమానం దిగుడే ఆలస్యం, ఆ దేశం దేశమంత తెలుగు నేర్చుకొని కూసుంటది. టాక్సీ తోలేటోడు తెలుగు, హోటల్ మేనేజర్ తెలుగు, తుపాకి పట్టుకొని వెంటపడే తెల్లోడు సుత మొదటి ముక్క ఇంగ్లీషుల తిట్టి రెండో ముక్కకు తెలుగులకు దిగుతడు. ఇదేం విచిత్రంరా అని మా మనుమణ్ణి అడిగితే, "తాతా, కింద అక్షరాలు వేస్తే ఎవలు చదువుతరు?" అన్నడు. అక్షరాలు రానోళ్ళు మా రోజుల్లనే ఎక్కువ ఉండె గద! అయినా సినిమా సమజ్ గాలేదని ఎవడూ నడుమల లేచిపోలే.

మా రుద్రంగి, కథలాపూర్, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఊర్లన్నీ గల్ఫ్ ఊర్లే. ఎనభైలల్ల బొంబాయి పోవాలె, ఏజెంటు చూపిన అర్రల ఒకని కాళ్ళు ఒకనికి తగిలేటట్టు పండుకోవాలె, వీసా కోసం ఎదురుచూడాలె. 1983ల ఎమిగ్రేషన్ చట్టం వచ్చినంక చదువు తక్కువున్నోడు సర్కారు క్లియరెన్స్ తీసుకోనిదే విమానం ఎక్కుడు లేదు. అంటే, ఏ భాషా రానోడే అందరికన్న ఎక్కువ కాయితాలు మోసుకొని, ఏ కాయితంల ఏమున్నదో తెల్వకుండ పోయేది. సినిమాకు ఇంతకన్న మంచి మొదటి సీను ఏం గావాలె?

గల్ఫ్‌ల మా లేబర్ క్యాంపుల శుక్రవారం వస్తే వీసీఆర్ కిరాయికి తెచ్చేటోళ్ళు. ఒకసారి ఎవడో చాప్లిన్ క్యాసెట్ తెచ్చిండు. 1917ల తీసిన 'ది ఇమిగ్రెంట్'. ఓడల పోతుంటరు, ఓడ అటు ఒరుగుతది, ఇటు ఒరుగుతది, బల్ల మీది గిన్నె ఈయన ముందు నుంచి అవతలోని ముందుకు జారుతది, మళ్ళ వస్తది. అమెరికాల దిగంగనే వచ్చినోళ్ళందరినీ తాడు కట్టి ఆపుతరు. పఠానోడు, నేపాలీ, మలయాళీ, మేము అందరం ఒక్కతీరుగ నవ్వినం. తాడు సీను కాడ మాత్రం అర్ర అంత గప్‌చుప్. విమానం దిగి మేం నిలవడ్డ లైన్ల తాడొక్కటే తక్కువ.

ఇసోంటి సినిమాల కీలకం ఒక్కటే. తెల్వనోడు తెలిసినట్టు చేసుడు. 2007ల వచ్చిన 'మిస్టర్ బీన్స్ హాలిడే' నేను టీవీల చూసిన. ఆయన పారిస్ హోటల్ల ఏదో తెలిసినట్టు తల ఊపి తెప్పించుకుంటడు, పళ్ళెం నిండ సముద్రపు నత్తగుల్లలు వస్తయి. మింగలేడు, కక్కలేడు, పక్క బల్ల మీది అమ్మ చేతి సంచిల పోస్తడు. మా క్యాంపుల ఇసోంటోళ్ళు వరుసకు పది మంది దొరికేది. మరి ఇప్పటి మన హీరోకు తెల్వనిది ఏమన్న ఉన్నదా? అన్ని భాషలు వచ్చు, అన్ని దారులు తెలుసు, కొట్టుడు సుత వచ్చు. ఇగ నవ్వు ఎక్కడ పుడుతది?

మేస్త్రీ పని చేసే కాడ ఒక మిస్రీ, అంటే ఈజిప్టు, ఫోర్‌మన్ ఉండె. అరబ్బులు ఐదు వేళ్ళ కొసలు పైకి ఒక్కకాడికి తెచ్చి చెయ్యి ఊపిన్రంటే, జర ఆగు అన్నట్టు. మన దగ్గర వేళ్ళు అట్ల పెడితే బువ్వ తినుడే. కొత్తగ వచ్చిన పోరడు ఒకడు, మా పక్క ఊరోడే, సిమెంటు తట్ట ఎత్తవోతుంటే ఈ మిస్రాయన పై నుంచి వేళ్ళు చూపిండు. వీడు తట్ట దించిండు, చేతులు కడిగిండు, టిఫిన్ డబ్బ విప్పిండు. మిస్రాయన ఒర్రుకుంట కిందికొచ్చి మళ్ళ అవే వేళ్ళు, ఇంకింత గట్టిగ. పాపం ఆకలితోని ఉన్నడు కావచ్చునని వీడు రొట్టె తుంచి మామిడికాయ తొక్కు అద్ది ఆయనకే ఇచ్చిండు. ఆయన రొట్టె దిక్కు చూసిండు, వీని దిక్కు చూసిండు, తిన్నడు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, కారానికే. ఆ వారం నుంచి తొక్కు కోసం మా అర్రకు వచ్చుడు షురూ చేసిండు.

కోడి తీరు కూసి దుకాణంల గుడ్లు కొన్న ముచ్చటైతే ప్రతి క్యాంపుల ఉండె. ఎవన్ని అడిగినా "మా రూమోడే" అంటడు. నేను నమ్మ.

నాకు అంత తిప్పలు కాలే. మా నాయిన నిజాం కాలంల ఉర్దూ బడిల చదివినోడు, ఆ ముక్కలు ఇంట్ల విని విని నాకూ అంటినయి. పాకిస్తానీ సూపర్‌వైజర్‌తోని హాయిగ మాట్లాడేటోణ్ణి. కడప, గోదావరి దిక్కు నుంచి కువైట్ పోయినోళ్ళల్ల చాలామందికి ఆ సౌలత్ లేకుండె. ఇప్పటి మా ఇంగ్లీషు మీడియం పోరగాళ్ళకైతే అటు ఉర్దూ లేదు, ఇటు ఇంగ్లీషు లేదు. ఫోన్ల మాట్లాడితే ఫోనే అరబ్బీల చెప్తదట. చెప్పనీ. ఫోను చెప్పినంక వీసా ఇచ్చిన కఫీల్ ఏమన్నడో ముఖం చూసి సమజ్ చేసుకునే తెలివి ఏ ఫోన్ల వస్తది?

గల్ఫ్ పేరు పెట్టి మనోళ్ళు తీసిన కామెడీ అంటే అందరికీ 'దుబాయ్ శీను' యాదికొస్తది, 2007ల వచ్చింది. అండ్ల శీను దుబాయే పోడు! ఏజెంటు ముంచుతడు, బొంబాయిలనే ఆగుతడు. ఆ ఏజెంటు వేషానికి నవ్విన, అబద్ధమెందుకు. మలయాళంల 1987లనే 'నాడోడిక్కాట్టు' తీసిన్రు. దుబాయ్ అని చెప్పి ఒక ఏజెంటు ఇద్దరిని మద్రాసు ఒడ్డున దింపిపోతడు. వాళ్ళు అరబ్బు బట్టలేసుకొని తిరిగి తిరిగి తమిళ అక్షరాలు చూసి బీరిపోతరు. మోసపోయినోని మీద నవ్వు వస్తది గని, వాడు చులకన కాడు. మలయాళపోళ్ళ ఇండ్లల్ల గల్ఫ్ ఉన్నది, మన ఇండ్లల్ల లేదా?

జంధ్యాల ఒక్కడు 1987ల అమెరికా పోయి 'పడమటి సంధ్యారాగం' తీసిండు. తెల్ల పోరడు మన పిల్ల కోసం మన పద్ధతులు నేర్చుకోను తిప్పలు పడుతడు. అది బాగుంటది. 2012ల శ్రీదేవి 'ఇంగ్లిష్ వింగ్లిష్' కూడ చూసిన. న్యూయార్క్ కాఫీ దుకాణంల ఆమె తినేది అడగలేక తడబడ్డప్పుడు నా పక్కన కూసున్నోళ్ళు నవ్విన్రు. నాకు చెమట పట్టింది. ఆ కౌంటర్ ముందల నిలవడ్డోనికే ఎరుక.

నవ్వుకు సుత హద్దు ఉంటది, తెలుసు. మా జిల్లావాళ్ళు కొందరు ఒక హత్య కేసుల దుబాయ్ జైల్ల పద్దెనిమిదేండ్ల దాకా ఉండి, 2024 ప్రాంతంల ఇల్లు చేరిన్రు. పరాయి దేశం కచేరీల నిలవడుడు మీద కామెడీ రాయమని నేను చెప్త లేను. 2017ల 'గల్ఫ్' అని ఒక సినిమా వచ్చింది, కష్టాల సినిమా. మలయాళపోళ్ళ 'ఆడుజీవితం' 2024ల వచ్చింది, అది చూసి రెండు రాత్రులు సరిగ నిద్ర పట్టలే. ఏడ్పు సినిమాలు ఉన్నయి, ఉండాలె. ఆ తొక్కు ముచ్చట తీసేటోడే లేడు.

మా ఊరి పేరు పెట్టి 2023ల 'రుద్రంగి' సినిమా వచ్చింది. జగపతిబాబు దొర. చూడవోయిన, గని మా ఊర్ల ఇంటికొకడు గల్ఫ్ పోయిన కథ అండ్ల ఎందుకుంటది, అది దొరల కాలపు సినిమా. అదే ఏడు సిరిసిల్ల పోరడు వేణు ఎల్దండి 'బలగం' తీసిండు. సావు ఇంట్ల నవ్వించిండు, మన మాటలనే. సావు ఇంట్ల నవ్వు దొరికినోనికి లేబర్ క్యాంపుల దొరకదా? మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వ మొదటిసారి విమానం ఎక్కితే యూట్యూబ్‌ల ఎంతమంది చూసిన్రు! ఆమెకు స్క్రిప్ట్ రాసిచ్చే పనే లేదు, సీటు బెల్టు చాలు.

తీస్తమంటే కోరుట్ల బస్టాండ్ల దిగి ఏ ముసలాయన్ని అడిగినా కథ చెప్తడు, పైసలు అడగడు, చాయ్ తాగిపిస్తే చాలు. ఒక్కటే షరతు. హీరోతోని దుబాయ్ ఎత్తు బిల్డింగుల ముందల డ్యాన్స్ చేయించొద్దు. చేయించక తప్పదంటే పొద్దుగాల నాలుగింటికి, చేతుల టిఫిన్ డబ్బ పెట్టి, డ్యూటీ బస్సు లైన్ల నిలవెట్టి చేయించున్రి.